మా అమ్మాయి సహజీవనం చేస్తోంది.. ఆయనకు చెప్పాలా, దాచాలా?

ప్రశ్న: మా అమ్మాయికి 27 ఏళ్లు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. లేడీస్ హాస్టల్‌లో ఉంటున్నానని చెప్పేది. నెల కిందట ఇన్సూరెన్స్ పాలసీ కోసం అడ్రస్ ప్రూఫ్ అడిగితే వాట్సాప్‌లో అద్దె అగ్రిమెంట్ పంపింది. అందులో తన పేరు కింద ఒక అబ్బాయి పేరుంది. గట్టిగా నిలదీస్తే ఒప్పుకుంది. తనతో పనిచేసే అబ్బాయేనట, ఏడాదిగా ఒకే ఫ్లాట్‌లో ఉంటున్నారట. మా కులం కాదు. పెళ్లి సంగతి అడిగితే ‘ఇంకా ఏమీ అనుకోలేదమ్మా’ అంటోంది. వీడియో కాల్ చేసినప్పుడల్లా వెనక తెల్లగోడ తప్ప ఇంకేమీ కనిపించకుండా ఎందుకు కూర్చునేదో నాకిప్పుడు అర్థమైంది. మా వారికి ఇంకా తెలియదు. ఆయనకు బీపీ, దానికి తోడు కోపం. తట్టుకోలేక మా మరిదికి చెప్పుకుని ఏడ్చాను. ‘మిస్సింగ్ కేసు పెడదాం వదినా, పోలీసులే తెచ్చి అప్పగిస్తారు. లేదంటే ఆస్తిలో పైసా రాదని చెప్పు, అదే దారికొస్తుంది’ అంటున్నాడు. పెళ్లి కాకుండా ఇలా ఉండటం చట్టప్రకారం తప్పు కాదా? రేపు అతను వదిలేసి పోతే నా బిడ్డ గతేంటి? ఈ విషయం ఆయనకు చెప్పాలా, దాచాలా? రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.
– పేరు రాయవద్దన్న ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు మీ మరిది గారిని ఆపండి. మిగతావన్నీ నింపాదిగా మాట్లాడుకోవచ్చు గానీ ఈ పని ఇవాళే చేయాలి.

ఎక్కడ ఉంటోందో తెలిసి, రోజూ ఫోన్‌లో మాట్లాడే మనిషి ‘కనిపించడం లేదు’ అని ఫిర్యాదు ఇస్తే ఏమవుతుంది? పోలీసులు వెతుక్కుంటూ వెళ్తారు, అమ్మాయి వాంగ్మూలం తీసుకుంటారు. ‘నా ఇష్టంతోనే ఇక్కడ ఉంటున్నాను’ అని ఆమె ఒక్క మాట చెబితే ఫైలు మూసేస్తారు. మీకు అప్పగించరు. పద్దెనిమిది నిండితే మేజర్ అన్న చట్టం 1875 నుంచీ ఉంది. కేరళలో హదియా అనే అమ్మాయి తన ఇష్టప్రకారం చేసుకున్న పెళ్లిని అక్కడి హైకోర్టు 2017లో రద్దు చేసి తండ్రి దగ్గరికి పంపింది. 2018లో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసి, ఎవరితో జీవితం పంచుకోవాలో తేల్చుకునే హక్కు ఆమెదేనని చెప్పింది. పోలీసుల సంగతి వదిలేసి మీ వాళ్లే వెళ్లి బలవంతంగా తీసుకొచ్చి ఇంట్లో పెడితే అది నేరం, కేసు మీ వాళ్ల మీద పడుతుంది. ఇంకో మాట. పోలీసులు అపార్ట్‌మెంట్ మెట్లెక్కితే వాచ్‌మన్ మొదలుకుని ఆఫీసు దాకా అందరికీ కథలు అందుతాయి. పరువు కోసం చేసే పనితోనే ఆ పరువు బజారున పడుతుంది.

ఇక ఆస్తి. మీ వారు సొంతంగా సంపాదించింది ఆయన ఇష్టం, ఎవరికైనా రాసుకోవచ్చు. తాతల నుంచి వచ్చిన ఉమ్మడి ఆస్తి అయితే అలా కుదరదు. ఆడపిల్లలకూ అందులో వాటా అని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ హయాంలో, 1986లోనే చట్టం తెచ్చారు. 2005 సవరణతో అది దేశమంతటికీ వచ్చింది. ఎవరితో ఉంటోంది అన్న కారణం చూపి ఆ వాటా తీసేసే వీలు ఎవరికీ లేదు. అయినా చట్టం సంగతి పక్కన పెట్టి ఒకటి ఆలోచించండి. సొంత జీతంతో బతుకుతున్న పిల్లను ఆస్తితో బెదిరిస్తే భయపడుతుందా? ఒకవేళ భయపడి వచ్చిందే అనుకుందాం. పొలం కోసం ఇంటికొచ్చిన కూతురిని చూసి మీకు నిద్ర పడుతుందా?

మీ అసలు ప్రశ్నకు వస్తాను. పెళ్లి కాని ఇద్దరు మేజర్లు కలిసి ఉండటం మన దేశంలో నేరం కాదు. పెళ్లికి ముందు సంబంధాల మీద ఏదో అన్నారని నటి ఖుష్బూ మీద 23 కేసులు వేశారు, మీకు గుర్తుండే ఉంటుంది. 2010లో సుప్రీంకోర్టు వాటన్నిటినీ కొట్టేస్తూ, సమాజంలో చాలామందికి ఇది అనైతికంగా అనిపించవచ్చు గానీ నేరం మాత్రం కాదని తేల్చింది. ఉత్తరాఖండ్‌లో 2025 నుంచి ఇలాంటి జంటలు రిజిస్టర్ చేసుకోవాలన్న నిబంధన వచ్చింది. అది ఆ రాష్ట్రం మాట. మీ బంధువుల గ్రూపులో ఎవరైనా దాన్ని ఫార్వర్డ్ చేసి ‘చూశారా, జైలే’ అంటే పట్టించుకోకండి.

నేరం కాదు అన్నంత మాత్రాన మీకు నచ్చి తీరాలని కాదమ్మా. చాలామంది తల్లిదండ్రులు ఇక్కడే తికమకపడతారు. కోర్టు ఒప్పుకుంది కాబట్టి నేనూ నోరు మూసుకోవాలా అని కొందరు, నాకు నచ్చలేదు కాబట్టి చట్టం ఆపాలి కదా అని కొందరు. రెండూ కాదు. అమ్మాయి ఎక్కడ, ఎవరితో ఉండాలో మీ అనుమతితో పని లేదని చట్టం చెబుతుంది. దాని పని అంతవరకే. ‘నాకిది నచ్చలేదు, నా మనసు ఒప్పుకోవడం లేదు’ అని చెప్పుకునే స్వేచ్ఛ మీకెప్పుడూ ఉంది. ఒకసారి స్పష్టంగా చెప్పండి. రోజూ ఫోన్ ఎత్తగానే అదే మాట ఏడుస్తూ చెబితే మాత్రం మూడో వారానికి ఆమె ఫోన్ ఎత్తడం మానేస్తుంది.

‘వదిలేసి పోతే గతేంటి’ అన్నారు. చట్టంలో కొంత అండ ఉంది, పెళ్లికి ఉన్నంత లేదు. 2005 నాటి గృహహింస చట్టం పెళ్లయిన వాళ్లకే కాదు, పెళ్లి లాంటి బంధంలో ఉన్న ఆడవాళ్లకూ వర్తిస్తుంది. కొట్టినా, వేధించినా, ఇంట్లోంచి గెంటేసినా రక్షణ, నివాసం, డబ్బు సాయం కోర్టులో అడగొచ్చు. అయితే ఇద్దరూ పెళ్లికి అర్హులై ఉండాలి, భార్యాభర్తల్లా కొంతకాలం నిలకడగా కలిసి బతికి ఉండాలి, ఆ సంగతి నలుగురికీ తెలిసి ఉండాలి. అతనికి అప్పటికే పెళ్లయిందని తెలిసీ ఉంటే ఈ రక్షణ దొరకదని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇక వారసత్వం మాట అడగక్కర్లేదు. కలిసి ఉన్నంత మాత్రాన ఒకరి ఆస్తి మీద ఇంకొకరికి హక్కు రాదు. పెళ్లి చేసుకుంటానని మోసం చేస్తే పదేళ్ల వరకు శిక్ష వేసే సెక్షన్ 2024 జూలై నుంచి భారతీయ న్యాయ సంహితలో ఉందని ఎవరైనా మీకు చెప్పొచ్చు. అది మొదటి నుంచీ మోసపు ఉద్దేశంతో మాట ఇచ్చినవాడి కోసం. ఇక్కడ పెళ్లి గురించి ఇంకా ఏమీ అనుకోలేదని మీ అమ్మాయే అంటోంది కదా. దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

కాబట్టి మీరు తెలుసుకోవాల్సింది అతని కులం కాదు. అతనికి పెళ్లయిందా లేదా, వాళ్లింట్లో ఈ విషయం తెలుసా, అద్దె ఎవరు కడుతున్నారు, అమ్మాయి జీతం ఆమె ఖాతాలోనే ఉంటోందా.. ఇవి అడగండి. కూతురి క్షేమం గురించి తల్లి అడగడం పెత్తనం కిందకు రాదు. అన్నిటికీ జవాబు చెప్పకపోవచ్చు, అయినా అమ్మ అడిగిన ప్రశ్నలు ఆమె బుర్రలో తిరుగుతాయి. అగ్రిమెంట్‌లో ఇద్దరి పేర్లూ ఉండటం నాకైతే మంచి సంగతిలాగే కనిపిస్తోంది. పేరు లేకుండా ఎవరి ఇంట్లోనో సర్దుకుని ఉంటే ఇంకా భయపడేదాన్ని.

అన్నట్టు ఆ అగ్రిమెంట్ గురించే. ఏడాదిపాటు తెల్లగోడ తప్ప ఇంకేమీ కనపడనివ్వనంత జాగ్రత్తగా ఉన్న అమ్మాయి, రెండు పేర్లున్న కాగితాన్ని చూసుకోకుండా పంపిందంటారా? అడ్రస్ ప్రూఫ్‌కి బ్యాంకు స్టేట్‌మెంట్ పంపొచ్చు, ఇంకేదైనా పంపొచ్చు. నాకెందుకో ఆమెకు దాచి దాచి విసుగొచ్చిందనిపిస్తోంది. నోటితో చెప్పలేక కాగితంతో చెప్పించి ఉండొచ్చు. నా ఊహ తప్పయినా నష్టం లేదు. ‘మోసం చేశావు’ అని మొదలుపెట్టే బదులు ‘ఏడాదంతా ఎలా దాచావే, నీకు బరువనిపించలేదా?’ అని అడిగి చూడండి. మాట వేరే దారిలో వెళ్తుంది.

ఇప్పుడు మీ వారి విషయం. ఆయనకు తెలియాలి, అదీ త్వరగా. ఎందుకంటే మీ మరిదికి తెలిసిపోయింది. కూతురు దాచిందన్న బాధ ఒక ఎత్తు, తమ్ముడికి తెలిసి తనకు తెలియలేదన్న అవమానం ఇంకో ఎత్తు. ఆ రెండోది మీ ఇద్దరి మధ్యకు వస్తుంది. బీపీ ఉందని దాస్తున్నారు, సరే. ఏదో పెళ్లిలో ఎవరో చెవిలో ఊదితే ఆ బీపీ ఏమవుతుంది?

కానీ చెప్పాల్సింది మీరు కాదు, మీ అమ్మాయి. మీరు చెబితే ‘నీకు ఎప్పటి నుంచి తెలుసు’ దగ్గర మొదలై ‘నీ పెంపకమే ఇది’ దగ్గర ముగుస్తుంది. అమ్మాయి ఇంట్లో లేని చర్చలో శిక్ష మీకు పడుతుంది. స్వేచ్ఛ కావాలన్న మనిషి ఆ మాట తండ్రికి తనే చెప్పుకోవాలి కదా. ఆ బరువు తల్లి మీద పెట్టడం న్యాయం కాదని, మీరు ఇన్నాళ్లూ పెంచిన తెలివైన అమ్మాయికి అర్థమవుతుంది. ఆమెకు ఇలా చెప్పండి: ‘నాన్నకు నువ్వే చెప్పు, నేను పక్కన కూర్చుంటాను. ఈ నెలలోపు రా. ఈలోగా నేనుగా చెప్పను, కానీ ఆయన నన్ను సూటిగా అడిగితే అబద్ధం ఆడను.’ ఈ గడువు మీకూ మంచిదే.

ఇక్కడ మిమ్మల్ని ఒకటి అడగాలి, మీకు మీరే నిజాయితీగా జవాబు చెప్పుకోండి. మీ వారి కోపం అరిచి, అలిగి, అన్నం మానేసే కోపమేనా? చేయి చేసుకునే కోపమా? మీ మరిది గానీ ఇంకెవరైనా గానీ కులం పేరు చెప్పి ‘వాణ్ని లేపేస్తా’ లాంటి మాటలు అంటున్నారా? అలాంటి సూచన ఏ కాస్త ఉన్నా అమ్మాయిని ఇంటికి పిలవద్దు. ఫోన్‌లోనే చెప్పమనండి. ఇలాంటి జంటలకు రక్షణ కల్పించాల్సిన బాధ్యత పోలీసులదేనని 2018లో సుప్రీంకోర్టు ఆదేశాలిచ్చింది. మహిళా హెల్ప్‌లైన్ 181 ఉంది. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్‌ని ఇచ్చే న్యాయ సేవా సంస్థ నంబరు 15100. ఆ రెండు నంబర్లూ అమ్మాయికి పంపి ఉంచండి. అవసరం రాకపోవచ్చు.

కోపం నోటి వరకే అయితే రమ్మనండి. ఒక్కతే రావాలి, ఈసారికి అబ్బాయి వద్దు. చుట్టాలుండే పండగ రోజు వద్దు, రాత్రి భోజనాల వేళ అసలే వద్దు. మొదటి రోజే పెళ్లి చేసుకుంటావా లేదా అని తేల్చమనకండి. భయంతో ‘చేసుకుంటాం’ అనేస్తే రేపు ఆ మాట కోసమే ఇష్టం లేని పెళ్లి జరుగుతుంది. నిజంగా చేసుకోవాలనుకున్న రోజున దారి ఉండనే ఉంది. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద నోటీసిచ్చి ముప్పై రోజులు ఆగితే చాలు, తల్లిదండ్రుల సంతకం అక్కర్లేదు, కులం వేరన్నది అభ్యంతరమే కాదు.

మీ నిద్ర గురించి. ఇంకో రెండు వారాలు ఇలాగే ఉంటే డాక్టరుకు చూపించుకోండి. ఇంట్లో ఎవరితోనూ చెప్పుకోలేని వేళ ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. మరిదితో చెప్పుకోవడం కన్నా అది నయం.

విన్నాక మీ వారు కొన్ని వారాలు కూతురితో మాట్లాడకపోవచ్చు, మీతో కూడా. బతిమాలొద్దు, మధ్యవర్తిత్వం చేయొద్దు. మీరు మాత్రం అమ్మాయికి ఎప్పుడూ చేసే వేళకే ఫోన్ చేస్తూ ఉండండి. వంటింట్లోకి వెళ్లి గుసగుసగా కాదు, ఆయన కూర్చున్న గదిలోనే, ఆయనకు వినపడేలా.