వలస కథ డీఎన్‌ఏ టెస్ట్‌లో తేలుతుందా? మా ఇంట్లో చేయించాక తెలిసింది ఇదీ

కాకతీయులు పడిపోయాక ఓరుగల్లు నుంచి గుంటూరు వైపు వచ్చామని మీ తాతగారు అనేవారు, అది డీఎన్‌ఏ టెస్ట్‌తో తేలుతుందా, తేలితే ఏ టెస్ట్ చేయించుకోవాలి అని అడిగారు కదా. సూటిగా చెప్పాలంటే తేలదు. అలాగని డబ్బు దండగ అని కూడా అనను. ఈ టెస్టులకి వేల ఏళ్ల నాటి సంగతి బాగానే కనిపిస్తుంది, నాలుగైదు తరాల లోపు చుట్టరికం బాగానే కనిపిస్తుంది. మధ్యలో ఉన్న ఆరేడు వందల ఏళ్లు, సరిగ్గా మీరు అడిగిన కాలమే, దానికి అందదు.

ఓరుగల్లు పడింది 1323లో. అప్పుడు అక్కడున్నవాళ్లకీ గుంటూరు వైపున్న వాళ్లకీ రక్తంలో పెద్ద తేడా ఏముంటుంది? కంపెనీలు కూడా అంత వివరంగా చూపించవు, మ్యాప్ మీద పెద్ద పెద్ద ప్రాంతాలకి రంగులు పులిమి ఇస్తాయి. పైగా పది తరాలు వెనక్కి వెళ్తే లెక్క ప్రకారం మనకి 1,024 మంది పూర్వీకులు, వాళ్లలో దాదాపు సగం మంది నుంచి మన ఒంట్లోకి ఒక్క ముక్క కూడా వచ్చి ఉండదు. మీ తాతగారి కథ అంతకంటే చాలా పాతది.

నేను డాలస్‌లో ఉంటాను. అమ్మ, మావయ్య ఇక్కడికి వచ్చినప్పుడు ముగ్గురం చేయించుకున్నాం. ట్యూబులో గీత దాకా ఉమ్ము నింపాలి, నురగ లెక్కలోకి రాదు, దానికి ముందు అరగంట ఏమీ తినకూడదు, తాగకూడదు. వక్కపొడి లేకుండా మావయ్యని అరగంట కూర్చోబెట్టడమే పెద్ద పని. అమ్మకేమో బీపీ మాత్రల వల్ల నోరు ఎండిపోతుంది, ఎంతసేపు ప్రయత్నించినా గీతకి సగం దగ్గరే ఆగిపోయింది. చివరికి నిమ్మకాయ కోసి ముక్కు దగ్గర పెడితే నోట్లో నీళ్లూరి నిండింది. పెద్దవాళ్లకి చేయించేవాళ్లు ఈ చిట్కా గుర్తుపెట్టుకోండి, వాసన మాత్రమే, నాకకూడదు.

ఫలితాల్లో తల్లి వరస శాఖ అమ్మకి ఎం అని వచ్చింది, నాది వేరే చూడక్కర్లేదు, అదే. తల్లి నుంచి బిడ్డలకి మాత్రమే దిగే డీఎన్‌ఏ ఇది, మన దేశంలో సగానికి పైగా జనానిది ఈ ఎం శాఖే, ఆఫ్రికా నుంచి బయటికి నడిచొచ్చిన తొలి జనంతో ముడిపడింది. తండ్రి నుంచి కొడుక్కి దిగే వై క్రోమోజోమ్‌లో మావయ్యది హెచ్ శాఖ, అది కూడా దక్షిణాదిలో మామూలే. ఈ అక్షరాలు చూసి మనం ఫలానా వాళ్లం అని పొంగిపోయేవాళ్లు, వేరే అక్షరం వచ్చినవాళ్లతో ఫేస్‌బుక్‌లో కొట్టుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. అనవసరం. మీ వేలమంది పూర్వీకుల్లో ఒక్క వరస గురించే అది చెప్పేది.

పాతకాలం సంగతి మీద నిజంగా ఆసక్తి ఉంటే కంపెనీ రిపోర్టు కంటే మన హైదరాబాద్‌లో జన్యువుల మీద పరిశోధన చేసే సీసీఎంబీ సంస్థ వాళ్ల పని చదవండి. అక్కడి శాస్త్రవేత్తలు లాల్జీ సింగ్, తంగరాజ్, హార్వర్డ్‌లో డేవిడ్ రైక్ కలిసి 2009లో వేసిన పేపర్‌లో ఉత్తరాన ఒకటి, దక్షిణాన ఒకటి ఉన్న రెండు పాత జనాల కలయికే నేటి భారతీయుల్లో దాదాపు అందరూ అని తేల్చారు, పాళ్లు మాత్రమే తేడా. 2013లో వచ్చిన ఇంకో పేపర్ ఆ కలయిక సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ల కిందటి మధ్య జరిగిందని లెక్కగట్టింది. ఆ తర్వాత జనం ఎవరి కులంలో వాళ్లు పెళ్లిళ్లు చేసుకుంటూ ఉండిపోయారు.

మన తెలుగువాళ్లకి అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. మా తాతయ్య పెళ్లాడింది సొంత అక్క కూతుర్ని. అంటే అమ్మకి వాళ్ల అమ్మమ్మే మేనత్త కూడా. వెబ్‌సైట్‌లో వంశవృక్షం గీస్తుంటే ఒకే మనిషిని రెండు చోట్ల పెట్టాల్సి వచ్చింది. ఇలాంటి పెళ్లిలో పుట్టిన పిల్లలకి సగటున ఎనిమిదో వంతు డీఎన్‌ఏ తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ ఒకే పూర్వీకుల ముక్కే వస్తుంది. కంపెనీ తన దగ్గర టెస్ట్ చేయించుకున్న వాళ్ల డీఎన్‌ఏలు పోల్చి ఎవరికెవరు చుట్టాలో చెబుతుంది, కానీ దాని సాఫ్ట్‌వేర్‌కి మేనరికాలు తెలియవు కాబట్టి ఎక్కడో దూరపు చుట్టాన్ని కూడా దగ్గరి కజిన్ అని చూపిస్తుంది. అందుకని మొత్తం ఎంత కలిసిందని చూడకండి, కలిసిన ముక్కల్లో అన్నిటికంటే పొడవైనది ఎంతుందో చూడండి. చిన్న చిన్న ముక్కలు చాలా కలిస్తే అది తరతరాలుగా ఒకే కులంలో చేసుకున్న పెళ్లిళ్ల ప్రభావం, ఒక్కటైనా పొడవుగా కలిస్తే దగ్గరి చుట్టం అయ్యే అవకాశం ఎక్కువ.

అమ్మకి అలా పొడవుగా కలిసింది డర్బన్‌లో ఉండే ఒకావిడ! మావాళ్లది బొబ్బిలి వైపు, దక్షిణాఫ్రికాతో మాకేం సంబంధం అనుకున్నాం. మెసేజ్ పెడితే వాళ్ల ముత్తాత చెరకు తోటల పనికి ఒప్పందం మీద మద్రాసులో ఓడెక్కాడని చెప్పింది. మొదటి ఓడ ట్రూరో 1860 నవంబర్ 16న డర్బన్ చేరింది, 1911 దాకా లక్షా యాభై వేల మందికి పైగా అలా వెళ్లారు. తెల్లవాళ్లు వాళ్లందరినీ నంబర్లు వేసి రాసుకున్నారు: పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు. ఆవిడ ముత్తాత ఎంట్రీలో జిల్లా విశాఖపట్నం, తాలూకా బొబ్బిలి. ఊరి పేరు స్పెల్లింగ్ మాత్రం దేవుడికే తెలియాలి, మావయ్య నాలుగు ఊళ్లు చెప్పి నాలుగూ కావచ్చన్నాడు. ముడి ఎక్కడ పడిందో ఇంకా తేలలేదు, కానీ ఆవిడ ఇప్పుడు అమ్మని పిన్ని అని పిలుస్తోంది.

చూశారా, డీఎన్‌ఏ చుట్టరికం ఉందని చెప్పింది, ఎక్కడి నుంచో చెప్పింది మాత్రం కాగితం. మీరు కూడా కాగితాలే వెతకండి. మీ ఇంటిపేరుతో ఏదైనా ఊరుందేమో చూడండి, వలస ఆనవాలు చాలాసార్లు అక్కడే దొరుకుతుంది. ఆంధ్రలో అయితే రెవెన్యూ ఆఫీసులో పాత భూముల రిజిస్టర్ ఆర్‌ఎస్‌ఆర్, తెలంగాణ వైపు పొలాలుంటే అలాంటిదే ఖాస్రా పహాణీ. ఇంట్లో ఎవరైనా గయ వెళ్లి పిండాలు పెట్టి ఉంటే అక్కడి పండాల (తీర్థ పురోహితుల) పుస్తకాల్లో పేర్లుంటాయి. ఇవన్నీ కలిపినా 1323 దాకా వెళ్లకపోవచ్చు, ఓ రెండు వందల ఏళ్లు దొరికినా గొప్పే.

అయినా టెస్ట్ చేయించుకుంటాను అంటే ముందు ఇంట్లో అందరికంటే పెద్దవాళ్లకి చేయించండి, మీకంటే వాళ్లలో పాత తరాల ముక్కలు ఎక్కువుంటాయి. అది కూడా వాళ్లకి అర్థమయ్యేలా చెప్పి, సరే అన్నాకే. 23అండ్‌మీ అనే టెస్టుల కంపెనీలో 2023లో దాదాపు 69 లక్షల మంది వివరాలు బయటికి పోయాయి, 2025 మార్చిలో ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. కాబట్టి ఏ కంపెనీ అయినా సరే, ఫలితాలు రాగానే రా డేటా ఫైల్ (మీ డీఎన్‌ఏ వివరాలున్న అసలు ఫైల్) మీ కంప్యూటర్‌లోకి దించుకోండి, మిగిలిన శాంపిల్ పారేయమని సెట్టింగ్స్‌లో టిక్ పెట్టండి, చుట్టాల వేట అయిపోయాక అకౌంట్ డిలీట్ చేసేయండి.