జోక్యం చేసుకోలేదా, చేసుకోదా, చేసుకోజాలదా?

సందేహం: మా నాన్నగారికి గుంటూరు మిర్చి యార్డు దగ్గర చిన్న వ్యాపారం. జీఎస్టీ బకాయి కట్టమని ఆదేశం వచ్చింది. అదే వారం పేపర్లో "అప్పీలుకు అవకాశం ఉండగా హైకోర్టు జోక్యం చేసుకోలేదు" అని చదివి, ఇక అటు వెళ్లే దారే లేదన్నారాయన. ఆ ఒక్క కేసులో చేసుకోలేదనే కదా అన్నాను నేను. ఎవరిది సరి?
(బ్రాడీపేట నుంచి ఒక పాఠకురాలు)

సమాధానం: వ్యాకరణం ప్రకారం ఇద్దరిదీ సరే. చిక్కు అక్కడే ఉంది. "నేను వెళ్లలేదు" అంటే జరిగిన సంగతి, "నేను వెళ్లలేను" అంటే చేతకాని సంగతి. "ఆయన వెళ్లలేదు", "ఆయన వెళ్లలేరు" కూడా అంతే. అమహద్వాచకానికి, అంటే "అది" అని చెప్పుకునే మాటకు, వచ్చేసరికి రెండూ ఒకే రూపమవుతాయి. "ఈ బస్సు వన్‌టౌన్ సందుల్లోకి వెళ్లలేదు" అన్నారనుకోండి. నిన్న వెళ్లలేదనా, అసలు పట్టదనా? మాటల్లోనైతే గొంతును బట్టి తెలిసిపోతుంది, అచ్చులో తెలియదు. హైకోర్టూ అమహద్వాచకమే.

ఈ తికమక ఎందుకని కొందరు "జోక్యం చేసుకోజాలదు" అని రాస్తారు. చాలు ధాతువుకు శక్తి కలిగి ఉండడమనే అర్థం ఉంది. ద్రుతం, అంటే ముందు మాట చివరి నకారం, మీద చకారం జకారమై "జాలదు" అయింది. మాట స్పష్టమే, సంగతే తప్పు. రాజ్యాంగం 226వ అధికరణలో హైకోర్టు రిట్ అధికారానికి, అంటే ప్రభుత్వానికీ అధికారులకూ నేరుగా ఆదేశమిచ్చే అధికారానికి, అలాంటి అడ్డేమీ లేదు. ఒకప్పుడు ఉండేది. వేరే చట్టంలో దారి ఉంటే కొన్ని రకాల పిటిషన్లు స్వీకరించరాదని 1976లో 42వ సవరణ చేర్చింది, 1978లో 44వ సవరణ దాన్ని తీసేసింది. ఇప్పుడున్నది కోర్టు తనకు తాను పెట్టుకున్న కట్టుబాటు. అందుకే "సాధారణంగా జోక్యం చేసుకోదు" అనాలి.

ఆ "సాధారణంగా" అన్న మాటను మాత్రం కొట్టేయకూడదు. సంజాయిషీ చెప్పుకోనివ్వకుండా ఆదేశమిచ్చినా, అధికారం లేని అధికారి ఇచ్చినా, ప్రాథమిక హక్కుకు భంగం కలిగినా, చట్టం చెల్లుబాటునే సవాలు చేసినా, అప్పీలు దారి ఉన్నప్పటికీ హైకోర్టు వినవచ్చని సుప్రీంకోర్టు 1998లో చెప్పింది. బిల్లులు, లెక్కల పుస్తకాలు తిరగేసి తేల్చాల్సిన తగవు ముందు అప్పీలు అధికారి దగ్గరికి వెళ్లడమే న్యాయమని నా అభిప్రాయం. నోటీసే అందని మనిషిని కూడా ఆ వరసలోనే నిలబెడితే అది అన్యాయం. అలాంటి మనిషి "జాలదు" అన్న మాట చదివి ఇంట్లోనే ఉండిపోతాడేమోనని నా బెంగ.

అప్పీలులాంటి దారిని కొందరు "ప్రత్యామ్నాయ పరిహారం" అని కూడా రాస్తున్నారు. దోష పరిహారంలోలాగా తొలగించుకునే ఉపాయమన్న అర్థంలో తప్పు లేదు. కానీ భూసేకరణ చూసిన మన పల్లెల్లో పరిహారమంటే డబ్బే. "వేరే దారి" అంటే అందరికీ తెలుస్తుంది.

విలేకరి "ఈ కేసులో జోక్యానికి నిరాకరించింది" అని రాసి ఉంటే మీ ఇంట్లో ఈ వాదన వచ్చేది కాదు. జీఎస్టీ చట్టం 107వ సెక్షన్ కింద అప్పీలుకు గడువు ఆదేశం అందిన నాటి నుంచి 3 నెలలు. వివాదంలో ఉన్న పన్నులో 10 శాతం ముందే కట్టాలి. అప్పీలు గడువు దాటబెట్టుకుని రిట్ వేస్తే హైకోర్టు వినకూడదని కాకినాడ పన్ను అధికారుల కేసులో సుప్రీంకోర్టు 2020లో తేల్చింది. నాన్నగారికి ఆదేశం ఏ తేదీన అందిందో ఇవాళే చూడండి.