న్యూజిలాండ్‌లో రేటు పడితే అనంతపురంలో బస్తా దిగుతుందా?

ప్రశ్న: అనంతపురంలో మాది చిన్న స్వీట్ షాపు. నెలకు ఏడెనిమిది బస్తాల పాలపొడి వాడతాం. ‘న్యూజిలాండ్‌లో రేటు పడింది, ఇక్కడా దిగుతుంది, ఆగండి’ అంటాడు ఒక డీలర్. ఇంకొకాయనేమో ఇప్పుడే కొని పెట్టుకోమంటాడు. ఎవరి మాట వినాలి?
— ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: ఇద్దరి మాటా సగం సగమే వినండి. న్యూజిలాండ్ పాలపొడి వేలం రెండు వారాలకోసారి జరుగుతుంది, ఆ రేటు డీలర్ల ఫోన్లలో తిరుగుతుంది, నిజమే. కానీ ఆ పొడి మన దేశంలో దిగాలంటే 60 శాతం సుంకం. 2024 జూన్‌లో 10,000 టన్నులకు మాత్రం 15 శాతంతో ఒప్పుకున్నారు, మన వాడకం ముందు అదెంత! మన రేటు తేల్చేది మన బర్రెలే.

చలికాలంలో పాలు ఎక్కువై, మిగిలినవాటి వెన్న తీసి డెయిరీలు పొడి కొడతాయి, వంద లీటర్ల వెన్న తీసిన పాలకు సుమారు 9 కిలోలు. ఎండలు ముదిరితే సీమలో మేత ఉండదు, పాలు తగ్గుతాయి, సరిగ్గా అప్పుడే పెరుగుకీ మజ్జిగకీ ఐస్‌క్రీమ్‌కీ గిరాకీ, దాంతో డెయిరీలే దాచుకున్న పొడిని మళ్లీ నీళ్లలో కలుపుకుంటాయి. రేటు ఎక్కేది అందుకే. వెన్న రేటు కూడా అడుగుతూ ఉండండి, వెన్న మీద డబ్బులొస్తే పొడిని కాస్త తగ్గించి ఇస్తారు.

మరి నిల్వ పెట్టాలా? లెక్కకు కిలో 250 అనుకుందాం, 25 కిలోల బస్తా 6,250. రెండు రూపాయల వడ్డీకి తెస్తే బస్తాకి నెలకు 125, నాలుగు నెలలకు 500, అంటే కిలోకి 20 రూపాయలు వడ్డీకే పోయింది. ఎండాకాలం రేటు అంతకు మించి పెరుగుతుందన్న నమ్మకం లేకపోతే నెలా రెండు నెలల సరుకు చాలు. పైగా మన ఎండకు రేకుల షెడ్డులో పెట్టిన పొడి పసుపు తిరుగుతుంది, చెమ్మ తగిలితే గడ్డ కడుతుంది. వేలితో నొక్కితే పొడిగా రాలిపోవాలి, రాయిలా ఉంటే వెనక్కి పంపండి.

మరీ చవగ్గా ఇస్తానంటే మాత్రం బస్తా మీద ప్రొటీన్ అంకె చూడండి. వెన్న తీసిన పాలపొడికి 34, 35 దగ్గర ఉంటుంది. 11, 12 ఉంటే అది చీజ్ తీయగా మిగిలిన తేటతో చేసిన వే పౌడర్, అందులో ఎక్కువ భాగం పాల చక్కెరే, జామూన్ నూనెలో వేయగానే పైన నల్లబడుతుంది, లోపల ఉడకదు.

మీ ఊరు 44వ నంబర్ హైవే మీద ఉంది కాబట్టి సంక్రాంతి దాటాక బెంగళూరులోనూ హైదరాబాద్‌లోనూ రేటు అడగండి. లారీ కిరాయి, 5 శాతం జీఎస్టీ కలిపి చెప్పారో విడిగా చెప్పారో ముందే తేల్చుకోండి.