ఖాళీ జాగా గురించి చిన్నీకి

చిన్నీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. మీ కాలనీ వెనకున్న ఖాళీ జాగాను నివాస జోన్ నుంచి వాణిజ్య జోన్‌కు మారుస్తామని పేపర్లో ప్రకటన పడిందట కదా. దాని మీద అందరి చేతా అభ్యంతరాలు వేయించే పని నువ్వే నెత్తిన వేసుకున్నావని చెప్పింది. మీ పెద్దమ్మను లేపి మరీ "మన పిల్ల చూశావా" అన్నాను. కానీ మీ అమ్మ చివర్లో ఇంకో మాట కూడా చెప్పింది. అది విన్నాక నాకు నిద్ర పట్టలేదు.

ముందు తేలిక పనులు చెప్పేస్తాను. ప్రకటన పడిన రోజు నుంచి 15 రోజులే గడువు. క్యాలెండర్ మీద ఆ తేదీకి సున్నా చుట్టు. సర్వే నంబరు ప్రకటనలో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే రాయి. కాగితం ఇచ్చాక నీ దగ్గరుండే ప్రతి మీద తేదీతో ముద్ర వేయించుకో. "పెట్టి వెళ్ళండి మేడమ్, చూస్తాం" అంటే అక్కణ్ణుంచి కదలకు. సమాచార హక్కు కింద పది రూపాయలు కట్టి ఫైలు అడుగు. అయితే దానికి జవాబివ్వడానికి వాళ్ళకు 30 రోజుల టైముంది, నీకున్నది అందులో సగం. కాబట్టి ఆ జవాబు కోసం ఆగొద్దు.

నేను అన్నిటికంటే ముందు చూడమనేది నీళ్ళ దారి. పాత గ్రామ నక్షా తీయించు. అక్కడ కుంట గానీ, శిఖం భూమి (చెరువు లోపలి నేల) గానీ, నాలా గానీ ఉందేమో చూడు. 2012 బిల్డింగ్ రూల్స్ ప్రకారం పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకైతే ఎఫ్‌టీఎల్ గీత, అంటే చెరువు పూర్తిగా నిండితే నీళ్ళు చేరే హద్దు నుంచి 30 మీటర్లు, చిన్న కుంటకైతే 9 మీటర్లు వదలాలి. ట్రాఫిక్, పార్కింగ్ గురించి తర్వాత రాయొచ్చు. ముందు నీళ్ళ గురించి రాయి. ఎందుకింత పట్టుబడుతున్నానో చెబుతాను.

1998లో మన పాత కాలనీకి నేనే సెక్రటరీని. పల్లంగా ఉండే ఒక జాగాలో ఫంక్షన్ హాలు కడతామని వచ్చారు. మా ఇంటి వరండాలో మీటింగ్ పెట్టాను. ఇళ్ళ ఓనర్లు ఇరవై ఎనిమిది మంది వచ్చారు, మీ పెద్దమ్మ రెండుసార్లు టీ పెట్టింది. మేం మాట్లాడుకున్నదల్లా పెళ్ళిళ్ళ సీజన్లో కార్లు ఎక్కడ ఆపుతారు, బ్యాండు మోత ఎంత రాత్రిదాకా ఉంటుంది అనే. గేటు బయట మన వీధి ఇస్త్రీ బండి అతను నిలబడి ఉన్నాడు. ఆ జాగా పక్కనే రేకుల షెడ్డులో భార్యాపిల్లలతో ఉండేవాడు. "సార్, వానొస్తే పై వీధుల నీళ్ళన్నీ అందులోకే వస్తాయి, అది కడితే నీళ్ళు ఎటు పోతాయి?" అని అడిగాడు. నేనేమన్నానో తెలుసా? "ఇది ఓనర్ల మీటింగ్, నువ్వు తర్వాత రా" అన్నాను. ఆ తర్వాత అతను రాలేదు, నేనూ పిలవలేదు.

అభ్యంతరంలో నీళ్ళ మాటే రాయలేదు. రోడ్డు వెడల్పు సరిపోతుందని ఒక్క ముక్కలో జవాబు వచ్చింది. హాలు లేచింది. 2000 ఆగస్టులో హైదరాబాదును ముంచిన వాన నీకు గుర్తుండదు, పసిపిల్లవి. ఆ రాత్రి నీళ్ళు హాలు గోడకు తగిలి వెనక్కి తిరిగాయి. ముందు ఆ షెడ్డులోకే వెళ్ళాయి. ప్రాణాలు దక్కాయి, అంతవరకు దేవుడి దయ. తెల్లారి వెళ్ళి చూస్తే అతను బురదలోంచి మన బట్టల మూటలు ఏరి, ఎవరి ఇంటివి వాళ్ళకి వేరు చేస్తున్నాడు. తన సామాను ఇంకా ముట్టుకోలేదు. నెల తిరక్కుండా ఖాళీ చేసి వెళ్ళిపోయారు. ఎక్కడికని నేను అడగలేదు. 2020 అక్టోబరులో కాలనీలకు కాలనీలే మునగడం టీవీలో చూసినప్పుడు కూడా నాకు ఆ మూటలే కళ్ళ ముందు కనిపించాయి.

ఇప్పుడు మీ అమ్మ చెప్పిన మాట. నువ్వు పెట్టిన వాట్సాప్ గ్రూపులో ఓనర్లు మాత్రమే ఉన్నారట! అద్దెకుండే వాళ్ళు ఎందుకు లేరే? వాచ్‌మెన్ కుటుంబాలు, ఆ జాగా అంచున గుడిసెల్లో ఉండేవాళ్ళు ఎందుకు లేరు? అభ్యంతరం చెప్పడానికి పట్టా చూపించనక్కర్లేదు. బెంగళూరు రాజమహల్ విలాస్ ఎక్స్‌టెన్షన్‌లో పార్కు స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రికి ఇచ్చినప్పుడు, అక్కడ నివసించే వాళ్ళకు అడిగే హక్కుందని 1991లో సుప్రీంకోర్టే చెప్పింది. కామారెడ్డి చూడు. తమ పొలాలను మాస్టర్ ప్లాన్‌లో ఇండస్ట్రియల్ జోన్‌లో పెట్టారని రైతులు రోడ్డెక్కితే, 2023 జనవరిలో మున్సిపల్ కౌన్సిలే ఆ ముసాయిదాను రద్దు చేయాలని తీర్మానించింది. ఇద్దరు ముగ్గురు పెద్దమనుషులు వెళ్ళి విన్నపం ఇస్తే అయ్యే పనేనా అది?

కోప్పడ్డానని బాధపడకు తల్లీ. నీ వయసులో నాకు లేని ధైర్యం నీకుంది. ఒక్కటే భయం. ఎవరైనా ఇంటికొచ్చి "కూర్చుని మాట్లాడుకుందాం" అంటే ఒంటరిగా మాట్లాడకు, పక్కన నలుగురు ఉండాలి. ఆఫీసుకూ ఒక్కదానివే వెళ్ళకు. నా మోకాళ్ళ సంగతి మీ పెద్దమ్మ చెబుతుంది గానీ, కాగితం ఇచ్చే రోజు నేనూ వస్తాను.

రేపు సాయంత్రం ఆ జాగా అంచున ఉన్న ఇళ్ళకి వెళ్ళు. కాగితాలు ముందు పెట్టకు. వానొస్తే నీళ్ళు ఎటు నుంచి ఎటు పోతాయో అడుగు, వాళ్ళు చెప్పింది వాళ్ళ మాటల్లోనే రాసుకో. రాత్రి ఎంత ఆలస్యమైనా ఫోన్ చెయ్యి, మేలుకునే ఉంటాను.

మీ పెదనాన్న