రాత్రిపూట ఆ మెషిన్ ఆపొచ్చా?

ప్రశ్న: మేం న్యూజెర్సీలో ఉంటాం సార్, పాతకాలం ఇల్లు కొన్నాం. బేస్‌మెంట్‌లో పైపులకి చుట్టిన ఆస్‌బెస్టాస్ తీయిస్తున్నాం. కాంట్రాక్టర్ చుట్టూ ప్లాస్టిక్ షీట్లు కట్టి ఒక పెద్ద మెషిన్ పెట్టాడు, దాని గొట్టం కిటికీలోంచి బయటికి పోతుంది. పనివాళ్లు సాయంత్రానికే వెళ్లిపోతున్నారు గానీ మెషిన్ మాత్రం రాత్రంతా మోగుతూనే ఉంది, చంటిపిల్ల నిద్రపోవట్లేదు. షీట్ కూడా లోపలికి లాక్కుపోయి ఉంది, చిరిగిపోతుందేమో అని భయం. రాత్రిళ్లు ఆపేయొచ్చా?

జవాబు: ఆపొద్దమ్మా, దయచేసి ఆ స్విచ్ జోలికే వెళ్లకండి. మనుషులు వెళ్లిపోయినా గాల్లోకి లేచిన ఆస్‌బెస్టాస్ పోగులు గంటల తరబడి తేలుతూనే ఉంటాయి, కంటికి కనపడవు, ఊపిరితిత్తుల్లోకి పోతే జబ్బు ఎన్నో ఏళ్ల తర్వాత బయటపడుతుంది. ఆ మెషిన్ షీట్ల లోపలి గాలిని లాగి హెపా ఫిల్టర్‌లో (అతి సన్నని ధూళిని కూడా ఆపే జల్లెడ లాంటిది) వడకట్టి బయటికి తోస్తుంది, దాంతో లోపల ప్రెషర్ మీ ఇంట్లో కన్నా కాస్త తక్కువై ఎక్కడ చిన్న సందున్నా మీ గాలే లోపలికి పోతుంది తప్ప అక్కడి గాలి మీ వైపు రాదు. షీట్ లోపలికి లాక్కుని ఉందంటే పని సరిగ్గా జరుగుతున్నట్టే. వదులుగా వేలాడినా, మీ వైపుకి ఉబ్బినా వెంటనే కాంట్రాక్టర్‌కి ఫోన్ చెయ్యండి.

అమెరికాలో ఓషా (పనివాళ్ల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ) రూల్ ప్రకారం ఈ ప్రెషర్ తేడా కనీసం 0.02 అంగుళాల ఎత్తు నీటి ఒత్తిడంత, అంటే సుమారు 5 పాస్కల్స్ (పీడనం కొలిచే యూనిట్) ఉండాలి. మామూలు గాలి పీడనమే లక్ష పాస్కల్స్ పైన, కాబట్టి ఇది చాలా చిన్న తేడా, ఎవరైనా ఒక తలుపు తీసి వదిలేసినా పోతుంది. అందుకే ఈ తేడాని కొలిచే మానోమీటర్ పెట్టించి రీడింగ్ మీరూ చూడండి, అడగడానికి మొహమాటపడకండి. ప్రతి షిఫ్ట్ మొదట్లో చిన్న గొట్టంతో పొగ వదిలి షీట్లకి లీకులున్నాయేమో చూడాలని కూడా రూల్ ఉంది. షీట్ల లోపలి గాలి గంటకి కనీసం 4 సార్లు మారాలి. 600 చదరపు అడుగుల గది 8 అడుగుల ఎత్తు ఉంటే నిమిషానికి 320 ఘనపుటడుగులు లాగాలి, అదీ ఫిల్టర్‌కి దుమ్ము పట్టాక కూడా, కొత్తదానితో లెక్కేసి సరిపెట్టుకుంటే కుదరదు.

ఇంకొకటి, ఇది చాలామంది పట్టించుకోరు. బేస్‌మెంట్‌లో గ్యాస్ వాటర్ హీటర్ ఉంటే ఈ లాగుడుకి దాని పొగ చిమ్నీలోంచి పైకి పోకుండా వెనక్కి తన్ని కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి రావచ్చు. పని అయ్యేదాకా అది ఆపించాలా అని ఈరోజే అడగండి, సీవో (కార్బన్ మోనాక్సైడ్) అలారం పనిచేస్తుందో లేదో చూసుకోండి. బట్టల డ్రయ్యర్, బాత్‌రూమ్ ఫ్యాన్ కూడా ఇంట్లో గాలి లాగేస్తాయి కాబట్టి ఈ తేడా తగ్గిపోతుంది, వాటిని కొన్నాళ్లు వాడకండి. వీలైతే పిల్లతో తెలిసినవాళ్లింట్లో పడుకోండి. కాంట్రాక్టర్‌తో సంబంధం లేని వాళ్లచేత గాలి టెస్ట్ చేయించి, పాసైందన్నాకే మెషిన్ ఆపించాలి.

ప్రశ్న: మాది ఖమ్మం. ఇంటి పైన పాత ఆస్‌బెస్టాస్ రేకులు తీసేయాలి, మాకూ ఇలాంటి మెషిన్ కావాలా?

జవాబు: అక్కర్లేదండి, ఆరుబయట ప్రెషర్ తేడా నిలవదు. రేకుల్ని బాగా తడిపి, బోల్టులు విప్పి, ముక్కలవకుండా మొత్తంగా దింపండి. సుత్తితో కొట్టడం, కట్టర్ పెట్టడం, పొడి చీపురుతో ఊడ్చడం అస్సలొద్దు. గుడ్డ మాస్క్ సరిపోదు.