45 మిల్లీమీటర్ల వాన 0.45 ఎందుకైంది?

ప్రశ్న: నాగావళి పరీవాహక ప్రాంతంలో వర్షపాతం లెక్కగట్టే పాత ఫోర్‌ట్రాన్ ప్రోగ్రామును లినక్స్‌లో జీఫోర్‌ట్రాన్ కంపైలర్‌తో కంపైల్ చేశాను. ఒక్క ఎర్రర్ కూడా రాలేదు. కానీ నెల మొత్తాలు బాగా తగ్గిపోతున్నాయి. చదివే ఫార్మాట్ ఎఫ్6.2 (ఆరు గళ్ళ సంఖ్య, చుక్క లేకపోతే చివరి రెండంకెలు దశాంశాలు). రిజిస్టరులో 45.50 ఉన్న రోజు సరిగానే వస్తోంది, 45 ఉన్న రోజు మాత్రం 0.45 అవుతోంది. డేటా ఫైలు ముట్టుకోలేదు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, రాజాం

జవాబు: తేడా వస్తున్న వరసలో గళ్ళు లెక్కపెట్టండి. ఆరు గళ్ళలో మొదటి రెండు ఖాళీ, తర్వాత 45, చివరి రెండు మళ్ళీ ఖాళీ అయి ఉంటాయి. డేటా కొట్టినవారు చివరి సున్నాలు వదిలేశారన్నమాట. ఫోర్‌ట్రాన్ 1966 ప్రమాణం ప్రకారం అంకె తర్వాతి ఖాళీ సున్నాతో సమానం. కాబట్టి పాత కంపైలర్ దాన్ని 4500గా చదివి, చుక్క లేదు కనుక చివరి రెండంకెలను దశాంశాలుగా తీసుకుని 45.00 ఇచ్చేది. జీఫోర్‌ట్రాన్ ఖాళీలను వదిలేస్తుంది. దానికి కనిపించేది 45, అదే 0.45 అవుతుంది. చుక్క కొట్టిన వరసల్లో ఖాళీ ఎలా చదివినా విలువ మారదు, అందుకే అవి బాగున్నాయి.

ఓపెన్ స్టేట్‌మెంటులో బ్లాంక్='జీరో' చేర్చండి. ఓపెనే లేకపోతే ఒకటి రాయండి. లేదా ఫార్మాట్ మొదట్లో బీజడ్ (ఖాళీని సున్నాగా చదవమనే గుర్తు) పెట్టండి. లెగసీ ఆప్షన్‌తో కంపైల్ చేస్తే సరిపోతుందని కొందరంటారు. అది పాత సింటాక్సును ఒప్పుకోవడానికే, దీన్ని మార్చదు.

వరసను ముందు క్యారెక్టర్ వేరియబుల్‌లోకి తీసుకుని, అందులోంచి మళ్ళీ రీడ్ చేస్తున్నారా? ఓపెన్‌లో పెట్టింది అక్కడికి చేరదు. అక్కడ బీజడ్ పెట్టండి. ఎక్స్‌పోనెంట్ ఉన్న ఫీల్డులకు మాత్రం బీజడ్ ప్రమాదం: 1.5ఈ1 తర్వాత ఒక ఖాళీ ఉంటే ఘాతం 10 అయి కూర్చుంటుంది. ఆ ఫీల్డుకు ముందు బీఎన్ (ఖాళీలను వదిలేయమనే గుర్తు) పెట్టి, తర్వాత మళ్ళీ బీజడ్‌కు రండి.

ఇంకో చిక్కు ఫైలు దగ్గరే ఉంది. కొన్ని ఎడిటర్లు సేవ్ చేసేటప్పుడు వరస చివరి ఖాళీలను కోసేస్తాయి. అలా కురచైన వరసను కంపైలర్ ఎలా పూరిస్తుందన్న దానిమీద ఆధారపడకండి. డాస్ నుంచి వచ్చిన ఫైలైతే వరస చివరి క్యారేజ్ రిటర్న్ గుర్తును తీసేసే డాస్‌టుయూనిక్స్ ముందు నడిపి, ఆ తర్వాతే ఆక్ కమాండుతో ప్రతి వరసనూ 80 గళ్ళకు నింపండి. ఈ రెండు పనులూ ముందువెనకలైతే ఆ క్యారేజ్ రిటర్న్ మధ్యలో ఇరుక్కుంటుంది. ట్యాబ్ ఎన్ని గళ్ళు కనిపించినా చదివేటప్పుడు ఒక్క గడే. క్యాట్ కమాండును పెద్ద ఏ ఆప్షన్‌తో నడిపితే ఇవన్నీ కంటికి కనిపిస్తాయి.

మొత్తం ఖాళీగా ఉన్న ఫీల్డు ఏ సెట్టింగులోనైనా 0 అవుతుంది. వాన పడని రోజు, రాయడం మరిచిన రోజు ఒకటే అయిపోతాయి. రెండూ విడిగా కావాలంటే ముందు ఏ6తో (ఆరు గళ్ళనూ అక్షరాలుగా) చదివి, ఖాళీయో కాదో చూసుకోండి.