చక్రాల మీద కాపురం: ఏ ఫ్లోర్ ప్లాన్ నిలుస్తుంది?

ట్రావెల్ ట్రెయిలర్‌లో, అంటే బండి వెనక తగిలించి లాక్కెళ్లే ఇంట్లో, నెలల తరబడి ఉండాలనుకునేవారి నుంచి ఈసారి చాలా ఉత్తరాలు వచ్చాయి. అందరికీ పనికొచ్చే అయిదు ప్రశ్నలకు ఇక్కడ జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మేమిద్దరం ఇంటి నుంచే ఉద్యోగాలు చేస్తాం. రెండేళ్లు ట్రెయిలర్‌లోనే ఉంటూ తిరగాలని ఉంది. ఒక ప్లాన్‌లో ముందు పడకగది, మధ్యలో బాత్రూమ్, వెనక పెద్ద కిటికీలతో హాలు, పక్కన పెద్ద స్లైడవుట్ (ఆగినప్పుడు మోటారుతో బయటికి జరిగి గదిని వెడల్పు చేసే గోడ భాగం) ఉన్నాయి. ఇంకో ప్లాన్‌లో స్లైడవుట్ లేదు, వెనక గోడ పొడుగునా బాత్రూమే. బొమ్మలో రెండూ బాగానే కనిపిస్తున్నాయి. ఎలా తేల్చుకోవాలి?

జవాబు: బొమ్మలో అన్నీ బాగానే ఉంటాయండి. అందులో చెత్తబుట్ట ఉండదు, బురద చెప్పులు ఉండవు, విడిచిన బట్టలు ఉండవు. అందుకని బొమ్మను పక్కన పెట్టి మీ మామూలు రోజు ఒకదాన్ని గంటల వారీగా కాగితం మీద రాయండి. ఎవరు ముందు లేస్తారు, ఎవరికి మీటింగులు ఎక్కువ, వాన పడే రోజు ఇద్దరూ ఎక్కడ కూర్చుంటారు అన్నవన్నీ అందులో రావాలి. తర్వాత ఆ రోజును రెండు ప్లాన్లలోనూ నడిపించి చూడండి.

ఇద్దరూ పనిచేసేవాళ్లయితే మొదట చూడాల్సింది తలుపు. ఒకరు మాట్లాడుతుంటే రెండోవారు గిన్నెలు కడుక్కోగలగాలి. మీ మొదటి ప్లాన్‌లో పడకగదికీ హాలుకీ మధ్య బాత్రూమ్ ఉంది కాబట్టి చప్పుడు కొంత ఆగుతుంది. రెండోదాంట్లో పడకగదికి తెర మాత్రమే ఉంటే రెండేళ్లు కష్టం. పైగా అర్ధరాత్రి లేచినవారు ట్రెయిలర్ ఈ చివర నుంచి ఆ చివరకు నడవాలి. మా మొగ్గు మొదటిదానికే, కానీ ఒక పరీక్ష నెగ్గితేనే.

ఆ పరీక్ష ఏమిటంటే, స్లైడవుట్‌ను పూర్తిగా లోపలికి మూయించి, తర్వాత మీరు లోపలికి వెళ్లాలి. ఫ్రిజ్ తలుపు తెరుచుకుంటోందా? బాత్రూమ్ దాకా వెళ్లగలుగుతున్నారా? మంచం మీద పడుకోవచ్చా? దారిలో గంటసేపు ఆగినప్పుడు, వానలో రాత్రి పొద్దుపోయి చేరినప్పుడు, మోటారు మొరాయించినప్పుడు మీ ఇల్లు అదే. బొమ్మలో ఎప్పుడూ స్లైడవుట్ తెరిచే ఉంటుంది కాబట్టి చాలామంది ఈ సంగతి కొన్నాకే గమనిస్తారు. ఎదురెదురుగా రెండు స్లైడవుట్లు ఉన్న ప్లాన్లు కొన్ని మూసినప్పుడు మనిషి పట్టే సందు కూడా మిగల్చవు.

స్లైడవుట్ ఇచ్చే రెండు మూడు అడుగుల వెడల్పు వల్ల హాలు హాలులా ఉంటుంది, నిజమే. దానికి తగ్గ చాకిరీ కూడా ఉంది. ట్రెయిలర్‌ను అడ్డంగా, నిలువుగా మట్టం చేశాకే తెరవాలి, లేకపోతే చట్రం మెలిపడి ఒక మూల ఒరుసుకుంటుంది. రెండు పక్కలా గోడలోనే చిన్న మోటార్లున్న రకమైతే బటన్‌ను మధ్యలో వదలకండి. ఆ మోటార్లు ఒకదానితో ఒకటి సరిపడేది పూర్తిగా తెరిచినప్పుడు, పూర్తిగా మూసినప్పుడు మాత్రమే. రెండు మోటార్లూ పూర్తిగా ఆగేదాకా బటన్ నొక్కి ఉంచకపోతే రోజులు గడిచేకొద్దీ ఒక పక్క ముందు, ఒక పక్క వెనకగా వంకర నడక మొదలవుతుంది. మూసే ముందు దాని కప్పు మీది ఆకులు, కొమ్మలు ఊడవాలి, ఎందుకంటే ఒక్క పుల్ల చాలు రబ్బరు సీలు కింద ఇరుక్కుని నీళ్లకు దారి ఇవ్వడానికి.

మంచం సంగతి. చాలా ట్రెయిలర్లలో ‘క్వీన్’ అని రాసి ఉన్నది షార్ట్ క్వీనే. మామూలు క్వీన్ పొడవు 80 అంగుళాలైతే ఇది 74 లేదా 75. ఆరడుగుల మనిషి అంటేనే 72 అంగుళాలు. పైన తలగడ వేశాక కాళ్లు ఎక్కడుంటాయో పడుకుని చూడాల్సిందే. మంచం గోడకు అడ్డంగా ఉన్న ప్లాన్‌లో లోపలి వైపు పడుకునేవారు రోజూ రాత్రి రెండోవారి మీదుగా దిగాలి, దుప్పటి మార్చడమే ఒక కసరత్తు. సెలవులకు సర్దుకుపోవచ్చు గానీ కాపురానికి రెండు పక్కలా నడిచే చోటున్న మంచమే కావాలి. పరుపు కింద నేరుగా ప్లైవుడ్ ఉంటే ఊపిరి తేమ అక్కడ చేరి బూజు పడుతుంది. కింద గాలి ఆడే పట్టీల చట్రమో జాలీ చాపో వేయండి.

స్నానాల గదిలో బట్టలతోనే నిలబడి, తల రుద్దుకుంటున్నట్టు రెండు మోచేతులూ ఎత్తండి. 24 అంగుళాల వెడల్పున్న షవర్‌లో మోచేతులు గోడలకు తగులుతాయి, 30కి 36 అయితే హాయి. తర్వాత కమోడ్ మీద కూర్చుని తలుపు మూయండి. మోకాలు తలుపుకు తగిలితే ఆ ప్లాన్ గురించి ఇంక ఆలోచించక్కర్లేదు.

పని కుర్చీని మరవద్దు. డైనెట్ (భోజనాల బల్ల ఉన్న మూల) బెంచీ మీద గంట కూర్చోవచ్చు, ఎనిమిది గంటలు కాదు. దాన్ని తీసేసి బల్ల వేద్దామనుకుంటే ముందు బెంచీ మూత ఎత్తి చూడండి. నీళ్ల పంపు, వేడిగాలి గొట్టం, వైర్లు తరచూ అక్కడే ఉంటాయి. బల్లను గోడకు బిగిద్దామన్నా, పైకి కనిపించేది పల్చటి పలక, వెనక ఫోమ్. లోపలి చట్రం ఎక్కడుందో వెతికి అక్కడే స్క్రూ వేయాలి, లేకపోతే మొదటి గతుకుల రోడ్డులోనే ఊడొస్తుంది.

ఇవన్నీ చూశాక కూడా తేలకపోతే, మీ ఇంటి నేల మీద ప్లాన్‌ను అసలు కొలతల్లో కాగితపు టేపుతో గీయండి. బయటి వెడల్పు 8 అడుగులుంటే లోపల ఏడున్నరకు అటూఇటూ వస్తుంది. అట్టపెట్టెలతో గట్టు, ఫ్రిజ్, సోఫా నిలబెట్టి ఒక శని, ఆదివారాలు ఆ గీతల్లోనే గడపండి. ఎవరు ఎవర్ని ‘కాస్త జరుగు’ అంటున్నారో లెక్కపెట్టండి.

ప్రశ్న: మా పికప్ 3,600 కిలోలు లాగుతుందని దాని పుస్తకంలో ఉంది. పూర్తి బరువు 3,400 కిలోల ట్రెయిలర్ తీసుకోవచ్చా? ప్లాన్‌కూ బరువుకూ సంబంధం ఉందా?

జవాబు: లాగే శక్తి కన్నా ముందు అయిపోయేది మోసే శక్తి. డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్ మీద పేలోడ్ అంకె ఉంటుంది, మీ పికప్‌కు పనికొచ్చేది అది. ట్రెయిలర్ ముక్కు హిచ్ (పికప్ వెనక తగిలించే కొక్కెం) మీద మోపే బరువు మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలి. 3,400లో 13 శాతమంటే 442 కిలోలు. మనుషులు ఇద్దరు 150, బరువు పంచే హిచ్ 40. మొత్తం 632. స్టిక్కర్ మీద 700 ఉంటే మిగిలేది 68 కిలోలు. వెనక సీట్లో ఇద్దరు పిల్లలుంటే అక్కడితో సరి. కంపెనీ కాగితంలో రాసే హిచ్ బరువు ఖాళీ ట్రెయిలర్‌ది, దాన్ని లెక్కలోకి తీసుకోకండి.

ఇక ట్రెయిలర్ లోపలి లెక్క. ఖాళీ బరువు 2,750 అయితే 650 కిలోలు మీవి. 180 లీటర్ల నీళ్లు నింపితే 180 కిలోలు పోయాయి. అదనపు బ్యాటరీలు, సోలార్ పలకలు, పనిముట్లు, గొట్టాలు, కుర్చీలు కలిపి 150 సులువుగా దాటుతాయి. బట్టలకూ పాత్రలకూ కంప్యూటర్లకూ మిగిలేది 300 దాకా. సెలవులకైతే చాలా ఎక్కువ, నాలుగు కాలాల బట్టలతో కాపురానికి మాత్రం బొటాబొటీ.

ప్లాన్‌తో సంబంధం లేకపోవడమేమిటి! వెనకవైపు వంటగది ఉన్న ట్రెయిలర్‌లో గిన్నెలు, సరుకులు, ఫ్రిజ్ అన్నీ ఇరుసుల వెనక చేరతాయి. ముక్కు తేలికవుతుంది. పది శాతం కన్నా తగ్గితే వేగంలో తోక ఊపడం మొదలవుతుంది, అదే అసలు ప్రమాదం. నీళ్ల ట్యాంకు ఇరుసుల వెనక ఉన్నా ఇదే గతి. నిండుగా ఒక రకంగా, ఖాళీగా ఒక రకంగా నడుస్తుంది. ఇరుసుల మీదో కాస్త ముందో ట్యాంకు ఉన్న ప్లాన్ వెతకండి.

సామానంతా సర్దాక వేబ్రిడ్జికి వెళ్లండి. ముందు పికప్ ఒక్కదాన్ని తూచండి. తర్వాత ట్రెయిలర్ తగిలించి, బరువు పంచే కడ్డీలు వదులు చేసి, పికప్ చక్రాలు మాత్రమే కాటా మీద ఉంచి తూచండి. రెండింటికీ తేడానే హిచ్ బరువు.

ప్రశ్న: ఏడేళ్లు, పదేళ్ల పిల్లలున్నారు. బంకు మంచాలున్నది తీసుకోవాలా, డైనెట్‌నే రాత్రి మంచంగా మార్చుకోవచ్చా?

జవాబు: బంకులే. డైనెట్‌ను మంచం చేస్తే పిల్లలు నిద్రపోయాక మీకు కూర్చునే చోటుండదు, పొద్దున వాళ్లు లేచేదాకా బల్ల ఉండదు. వారానికి సర్దుకోవచ్చు, ఏడాదికి కుదరదు. బంకుల పక్కన అంటించిన బరువు పరిమితి చదవండి, పై బంకులో పెద్దపిల్లవాణ్ణి కూర్చోబెట్టి తల పైకి తగులుతోందేమో చూడండి. ఒక్కో బంకుకు సొంత కిటికీ, సొంత దీపం, చార్జింగ్ సాకెట్ ఉంటే పోట్లాటలు సగం తగ్గుతాయి.

ప్రశ్న: 30 ఆంప్స్ ట్రెయిలర్ చాలా, 50 ఆంప్స్‌ది తీసుకోవాలా? గ్రే ట్యాంకు (సింకు, షవర్లలో వాడిన నీళ్లు చేరేది) ఎంతుండాలి?

జవాబు: ఉత్తర అమెరికా ట్రెయిలర్లలో 30 ఆంప్స్ అంటే 120 వోల్టుల మీద 3,600 వాట్లు. ఏసీ సుమారు 1,500, మైక్రోవేవ్ ఇంకో 1,500, గీజర్ కరెంటు మీద 1,440. మూడూ కలిస్తే 4,440, బ్రేకర్ పడుతుంది. గీజర్‌ను గ్యాస్ మీద పెట్టుకుంటే ఒక ఏసీతో హాయిగా బతకొచ్చు. 50 ఆంప్స్‌లో రెండు లైన్లు కలిపి 12,000 వాట్లు. రెండు ఏసీలు అవసరమైన పొడవాటి ట్రెయిలర్‌కు అదే కావాలి.

ట్యాంకుల్లో ముందు నిండేది గ్రే. డ్రైనేజీ కనెక్షన్ లేని చోట ఇద్దరు పొదుపుగా వాడినా రోజుకు 40 నుంచి 60 లీటర్లు పోతుంది. 130 లీటర్ల ట్యాంకు రెండు మూడు రోజులు. మొత్తం అంకె చూసి మురవకండి. కొన్ని ప్లాన్లలో వంటగదికి ఒకటి, స్నానాలకు ఒకటి విడివిడిగా ఉంటాయి. ఒకటి సగమైనా కాకముందే రెండోది పొంగి షవర్ అడుగున తేలుతుంది. వదిలే గొట్టాలు రెండు వేర్వేరు చోట్ల ఉంటే ప్రతిసారీ పైపు మార్చే పని.

కమోడ్ సరిగ్గా బ్లాక్ ట్యాంకు (మలమూత్రాలు చేరేది) పైన ఉండాలి. కమోడ్ ఒక మూల, ట్యాంకు ఒక మూల ఉండి మధ్యలో వాలు గొట్టం పెట్టిన ప్లాన్‌లో అడ్డు పడటం మామూలే. కనెక్షన్ ఉన్నచోట కూడా బ్లాక్ వాల్వ్ మూసే ఉంచండి. తెరిచి వదిలితే నీరంతా జారిపోయి గట్టిది కుప్పగా పేరుకుంటుంది. మూడింట రెండు వంతులు నిండాక ముందు బ్లాక్, తర్వాత గ్రే వదలండి. సబ్బునీళ్లు గొట్టాన్ని కడిగేస్తాయి.

చలి ప్రాంతాలకు వెళ్లేవారు సింకు స్లైడవుట్‌లో ఉన్న ప్లాన్ జోలికి పోకపోవడం మంచిది. దాని నీటి గొట్టాలు వంగే రకంవి, వేడి సరిగా అందని చోట ఉంటాయి. ముందు గడ్డకట్టేవి అవే.

ప్రశ్న: పాత ట్రెయిలర్ ఒకటి ప్లాన్ పరంగా అచ్చం మేం కోరుకున్నట్టే ఉంది. స్లైడవుట్ మూలలో నేల కాస్త మెత్తగా తగిలింది. అమ్మేవారు కార్పెట్ వల్లనే అంటున్నారు.

జవాబు: కార్పెట్ వల్లయితే నేలంతా అలాగే ఉండాలి. మూలలో మాత్రమే మెత్తగా ఉందంటే సీలు దగ్గర నీళ్లు దిగి కింద చెక్క ఉబ్బింది. స్లైడవుట్‌ను బయటికి తెరిపించి, కింద దూరి దాని అడుగు అంచును స్క్రూడ్రైవర్ మొనతో మెల్లగా నొక్కండి. గట్టిగా ఆగితే ఫర్వాలేదు, లోపలికి దిగితే ఆ నేల మార్చాలి. తర్వాత పై మూలల్లో, కిటికీల కింద, రూఫ్ వెంట్ చుట్టూ మరకలున్నాయేమో చూసి, తేమ కొలిచే మీటరుతో గోడలన్నీ ఒకసారి తడమండి. మీటరు పెట్టనివ్వకపోతే ప్లాన్ ఎంత నచ్చినా వదిలేయండి.